రౌటర్ పెట్టెలో లింగమ్మ గొంతు

మా ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ మీద ఎర్రర్ వచ్చిందంటే ఎవరికైనా ముఖం మాడిపోతుంది. సాధనకు మాత్రం వెలిగిపోతుంది. పదకొండేళ్ళుగా చూస్తున్నాను. పిల్లలు "మేడం, రావట్లేదు" అని ఏడుపు మొహంతో పిలవడమే ఆలస్యం, లేడికి లేచిందే పరుగన్నట్టు వెళ్ళి కుర్చీ లాక్కుని, "ఏది, ఏది? ఏమొచ్చింది? జరుగు జరుగు, ముట్టుకోకు!" అంటుంది. ఆ ఉత్సాహం చూస్తే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైంది. ఇప్పుడు, నిజం చెప్పొద్దూ, కాస్త ఈర్ష్యగా కూడా ఉంటుంది.

నా పేరు కుసుమకుమారి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల కొట్టు పైన, నాలుగో అంతస్తులో ఉంది మా ఇన్‌స్టిట్యూట్. ముందు గదిలో కూర్చుని అడ్మిషన్లు చూసేది నేను. రేపల్లె నుంచి వచ్చి పాతికేళ్ళయినా నా మాటలో యాస పోలేదు, నోటి దురుసూ పోలేదు. లోపలి ల్యాబ్ సాధనది. రౌటర్లు, మీటర్లు, లిఫ్టులు, ఇలాంటి వాటి పొట్టలో ఉండే బుల్లి కంప్యూటర్లకు ప్రోగ్రాములు తయారుచేయడం అక్కడ నేర్పుతారు.

సాధన చేరింది పాఠాలు చెప్పడానికి కాదు, బీరువా తాళాలు తీయడానికి. నకిరేకల్ దగ్గర పల్లెటూరు, చేతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. పొద్దున పిల్లలు నేర్చుకునే సర్క్యూట్ బోర్డులు తీసి బల్లల మీద పెట్టాలి, సాయంత్రం లోపల పెట్టాలి. మధ్యలో గోడకు ఆనుకుని పాఠం వినేది. ఒకరోజు పాఠం చెప్పే సారు తన ప్రోగ్రాములో తప్పు తానే పట్టుకోలేక చెమటలు కక్కుతుంటే, బీరువా దగ్గర నుంచి మెల్లగా, "సార్, మూడో లైన్ల చుక్క పడలే" అంది. ఆ సారు ఇంకో ఉద్యోగానికి పోయాడు. ల్యాబ్ ఈమె చేతికొచ్చింది.

అప్పటి నుంచి ఆమెకు రెండు ఆస్తులు. ఒకటి, పొడుగాటి నోటు పుస్తకం. అందులో మూడు గళ్ళు: తేదీ, వచ్చిన ఎర్రర్, దాని కారణం. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ రోజు ఈవిడకు అన్నం సహించదు. రెండోది ల్యాబ్ గోడ మీద లామినేషన్ చేయించి అంటించిన కాగితం. బోర్డుకు ప్రోగ్రాము ఎలా తయారుచేయాలో ఆరు మెట్లు, ఆమె చేతిరాతలోనే. బ్యాచ్ తర్వాత బ్యాచ్ ఆ కాగితం చూసే పని చేసుకుపోయింది. మాకు అది శిలాశాసనం. కొంప ముంచింది కూడా అదే, అది తర్వాత చెబుతాను.

ముందు లింగమ్మ సంగతి. లింగమ్మ సాధన అత్తగారు. వాళ్ళు ఎల్‌బీ నగర్‌లో రెండో అంతస్తులో కిరాయికి ఉంటారు. రెండు సందులవతల వాళ్ళ చర్చి. ముప్పై ఏళ్ళుగా ఆ చర్చిలో పాట ఎత్తేది లింగమ్మే. ఆమె గుండె నిండా గాలి పీల్చి మొదటి చరణం అందుకుంటే వెనక నూట యాభై గొంతులు లేవాలి. ఎవరైనా సాగదీశారా, పాట మధ్యలోనే "లెవ్వుండ్రి, లెవ్వుండ్రి! పండుకున్నరా?" అని గదమాయించేది. ఆ చర్చిలో ఆమె తిట్టు తినని మనిషి లేడట, పాస్టరు గారితో సహా.

జులైలో తడి మెట్ల మీద బట్టల బకెట్‌తో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక, మెట్లు దిగే మాటే లేదన్నారు దవాఖానలో. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది, పెట్టింది తింటోంది. కానీ పాడటం మానేసింది. తిట్టడమూ మానేసింది.

"మొన్న పప్పుల ఉప్పు కావాలనే ఎక్కువేసిన కుసుమక్కా. ఒక్క మాట అనలే. మంచిగుంది బిడ్డా అన్నది. నాకు భయమైతుంది" అంది సాధన ఒక మధ్యాహ్నం, టిఫిన్ డబ్బా ముందు కూర్చుని. కళ్ళలో నీళ్ళు. అత్త తిట్టడం లేదని ఏడ్చే కోడలిని నేను నా జన్మలో చూడలేదు.

"ఫోన్‌లో లైవ్ పెట్టి చూపించొచ్చు కదమ్మా?" అన్నాను.

"పెట్టినం అక్కా. అది అర నిమిషం వెనక వస్తది. ఈమె పాట అందుకునేటాళ్ళకు ఆడ ప్రార్థన మొదలైతది. 'నేను పాట ఎత్తేదాన్ని, వెనకపొంటి పాడేదాన్ని గాదు' అని ఫోన్ బోర్లేసింది."

"పోనీ మామూలుగా ఫోన్ చేసి పెడితే?"

"చప్పట్లు, డోలక్ ఫోన్‌కు రొద లెక్క కొడతయి. రొద అనుకుని నొక్కేస్తది. పాట ముక్కలు ముక్కలైతది." అంతలోనే ఆమె చెయ్యి డబ్బా మీద ఆగిపోయింది. నాకు బాగా తెలిసిన వెలుగు ఆ ముఖంలోకి వచ్చింది. "అక్కా, మన తుక్కుల పాత రౌటర్ ఉన్నది గదా, నల్లది. అది పారేసిన్రా?"

పారేయలేదు. ముందు గదిలో నా కుర్చీ కిందే, విరిగిన కీబోర్డుల మధ్య ఉంది. బిస్కెట్ డబ్బా అంత పెట్టె.

ఆమె ఆలోచన ఇది. మాటను ఒక చోటి నుంచి ఇంకో చోటికి రెప్పపాటులో చేర్చే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎక్కడో ఎవరో రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి అని లోకానికి వదిలేశారు. దాన్ని ఆ పాత రౌటర్‌లో ఎక్కించి చర్చిలో పెట్టాలి. చర్చి కప్పు మీద నుంచి వీళ్ళ డాబా మీదికి వైఫై. ఇంట్లో ఒక ఫోను, చర్చిలో మైకుకూ స్పీకరుకూ తగిలించిన ఇంకో ఫోను. ఇంటర్‌నెట్‌తో పనిలేదు. ల్యాప్‌టాప్‌లోనే నడపొచ్చుగా అంటే, ఆమె దగ్గరున్నది ఇన్‌స్టిట్యూట్‌ది, ఆదివారం బ్యాచ్‌కు కావాలి. పెట్టె అయితే చర్చి అల్మారాలో పడి ఉంటుంది, స్విచ్చి వేస్తే చాలు. పై ఆదివారం చర్చి నలభయ్యో వార్షికోత్సవం. మొదటి పాట లింగమ్మ మంచం మీద నుంచే ఎత్తాలి.

"పెట్టెకేం తెలుస్తది పాట" అని లింగమ్మ గోడవైపు తిరిగిందట. అయినా గురువారం నాడు, ఎవరూ అడగకుండానే, కళ్ళజోడూ పాటల పుస్తకమూ దిండు పక్కన పెట్టమంది. ఆ మాట చెప్పి సాధన, "ఇప్పుడు నడవకపోతే ఇంక ఎన్నడు అడగదక్కా" అంది.

ఆ రౌటర్‌ది చాలా చిన్న బుర్ర. తన ప్రోగ్రాము తాను తయారుచేసుకునే శక్తి దానికి లేదు. ల్యాప్‌టాప్ మీద దాని కోసం తయారుచేసి, దాంట్లోకి పంపాలి. నాకర్థమయ్యేలా చెప్పమంటే సాధన, "మీరు దర్జీకి ఆది జాకెట్టు ఇస్తరు గదా, గట్లనే" అంది. మిషను దర్జీది, ఒళ్ళు మనది. ఆది తప్పిందంటే ఎంత చక్కగా కుట్టినా చంకలో పట్టేస్తుంది. ఇది నాకు ఇట్టే అర్థమైంది. మా వీధిలో దర్జీ నన్ను ఏడిపించిన రోజులు ఇన్నీ అన్నీ కావు.

బుధవారం మొదటి ఎర్రర్. పెట్టె ఆ ఫైలును చూసి, ఇది నా భాషే కాదు పొమ్మంది. తొందరలో సాధన రౌటర్ ఆదికి బదులు ల్యాప్‌టాప్ ఆదికే కుట్టేసింది. పుస్తకంలో రాసుకుంది, నవ్వుకుంది. గురువారం సర్వర్‌కు సాయంగా ఉండాల్సిన మూడు చిన్న ప్రోగ్రాములు, లైబ్రరీలంటారు వాటిని, దొరకలేదన్న ఎర్రర్. వాటినీ తయారుచేసింది. శుక్రవారం సాయంత్రానికి ఒక్క తప్పు కూడా లేకుండా అంతా పూర్తయింది. గోడ మీది కాగితంలోని ఆరు మెట్లూ వరసగా ఎక్కేసింది. పిల్లలందరికీ కిందనుంచి సమోసాలు తెప్పించింది.

శనివారం పదకొండింటికి ల్యాబ్‌లోంచి కేక వినిపించి పరుగెత్తాను.

"ఉన్నది! చూడుండ్రి అక్కా, ఫైలు ఉన్నది! పేరు కనబడుతుంది, సైజు కనబడుతుంది. నడువు అంటే లేదంటది!"

నిజమే. తెర మీద వరుసలో ఫైలు పేరు ఉంది. కింది వరుసలో మాత్రం 'నాట్ ఫౌండ్' అని ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషిని లేడని చెప్పినట్టు! నాకు ఆ పెట్టెను నాలుగో అంతస్తు నుంచి కిందకు విసిరేయాలనిపించింది. ఈవిడ చప్పట్లు కొడుతోంది.

"గిట్లాంటిది నాకు పదకొండేండ్లల రాలే!"

"సంతోషించావులే తల్లీ. రేపు చర్చిలో ఏం చెబుతావు?" అన్నాను.

ఆ మాటకు చప్పట్లు ఆగాయి. ఫైలు పేరు మార్చింది, చోటు మార్చింది, అనుమతులు మార్చింది, మళ్ళీ మొదటి నుంచి కాగితం చూసి ఆరు మెట్లూ ఎక్కింది. ఎన్నిసార్లు ఎక్కినా అదే మాట. రెండింటికల్లా చర్చిలో పాటల రిహార్సల్. పెట్టె తీసుకురమ్మని అప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి. సాధన పెట్టెను చున్నీలో చుట్టుకుంది. పర్మిషన్ రాసిచ్చి నేనూ బయల్దేరాను. ఆ ముఖంతో ఆమెను ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. మెట్రోలో నాలుగు స్టేషన్ల దూరం కూడా లేదు, దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ "ఉన్నది... లేదంటది" అని గొణుగుతూనే ఉంది.

చర్చి రేకుల హాలు. ఒక మూల ప్లగ్గు దగ్గర సాధన పెట్టెనూ ల్యాప్‌టాప్‌నూ పరిచి కూర్చుంది. ముందు వరుసలో పాడేవాళ్ళు ఓ పాతికమంది. బ్లెస్సీ అనే ఇంజనీరింగ్ అమ్మాయి కీబోర్డు ముందు. డెబ్బై ఏళ్ళ సంఘ పెద్ద యెహెజ్కేలు గారు, పాట నంబరు ప్రకటించడం ఆయన హక్కు. ఖాకీ అట్ట వేసిన పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, "నూట ఎనభై రెండు" అన్నారు.

పేజీలు తిరిగిన చప్పుడు. తర్వాత గుసగుసలు.

"లేదు తాతా. గీ నంబర్ల గా పాట లేదు" అంది బ్లెస్సీ.

"లేకుంటెట్ల? నలభై ఏండ్ల సంది పాడుతున్నం!"

"పాటుంది తాతా. నీది పాత పుస్తకం. మా అందరి తాన కొత్తగ అచ్చేసింది. ఇందుల నంబర్లు మారినయ్. మొదటి లైను చెప్పు, నేను దొరకపడుతా."

ఈ గొడవ ఆ చర్చిలో ప్రతి వారం ఉండేదేనట. సంఘం రెండోసారి పుస్తకం అచ్చు వేయించినప్పుడు వరుస మార్చింది. ఆయన మాత్రం పాత పుస్తకం వదలడు. అందరూ నవ్వుకుంటున్నారు. నేనూ నవ్వుతూ మూలకు చూశాను. సాధన నవ్వడం లేదు. నోరు తెరుచుకుని యెహెజ్కేలు గారి ఖాకీ అట్టనే చూస్తోంది.

"అక్కా" అంది. "అక్కా! లేనిది ప్రోగ్రాము కాదు!"

వేళ్ళు కీల మీద పరుగెత్తాయి. నేను ఆమె పక్కన కింద కూలబడ్డాను. ఆమె గబగబా చెప్పింది, నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. ప్రోగ్రాము దానంతట అది లేవలేదు. దాన్ని లేపి నిలబెట్టే ఇంకో చిన్న ఫైలు పెట్టెలో ముందే ఉండాలి. ఆ లేపేవాడి పేరును ప్రోగ్రాము పుట్టినప్పుడే లోపల రాసుకుంటుంది. సాధన ఆ పేరు తీసి చూసింది. అది మా ల్యాబ్ బోర్డుల్లో ఉండేవాడి పేరు. ఈ రౌటర్‌లో ఉన్నవాడు వేరే, పేరూ వేరే. ప్రోగ్రాము పాత పుస్తకంలోని నంబరు చెబుతోంది. పెట్టె కొత్త పుస్తకం తిరగేసి లేదంటోంది.

"మన గోడ మీది కాగితం!" అని నెత్తి కొట్టుకుంది. "రెండో మెట్టు! అది ల్యాబ్ బోర్డుల ఆది. రెండిట్లదీ ఒక్కటే రకం ప్రాసెసర్, అందుకే నాకు అనుమానం రాలే. నేనే రాసిన, నేనే నమ్మిన! పదకొండేండ్ల సంది చూడకుండనే కొడుతున్న!"

తన చేతిరాతకు తానే బోల్తా పడ్డ మనిషి అంత సంతోషంగా ఉండటం నేనెక్కడా చూడలేదు.

"అయితే ఆ పేరు మార్చి పెట్టేస్తే పోలా?" అన్నాను తెలివిగా.

"నంబర్ కలుస్తది అక్కా, పాట వేరేది వస్తది. ఎత్తుకున్నంక మధ్యల పడిపోతది." అలా కాదు, ఈ రౌటర్ సొంత ఆదితో మూడు లైబ్రరీలనూ సర్వర్‌నూ మళ్ళీ మొదటి నుంచి కుట్టాలి. గడియారం చూశాను, మూడున్నర. ల్యాప్‌టాప్‌ను ఐదింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. నేను బయటకు వెళ్ళి మా డైరెక్టరుకు ఫోన్ చేసి, ఆదివారం బ్యాచ్‌ను మధ్యాహ్నానికి జరిపించాను. ఏం కారణం చెప్పానో ఇక్కడ రాయను. ఒక అబద్ధం, అంతే.

పాటలు ఒకపక్క, తెర మీద అక్షరాలు పరుగెత్తడం ఒకపక్క. బ్లెస్సీ తన ఫోన్ నెట్ ఇచ్చింది. మొదటి లైబ్రరీ అయింది. రెండోది అయింది. మూడోది సగంలో ఆగి, ల్యాప్‌టాప్ ఫైళ్ళలో ఒకదాన్ని పొరపాటున కలుపుకుందని తేలింది. సాధన "దొరికినవ్!" అని అరిచి ఆ దారి మూసేసింది. పాడేవాళ్ళు పాట ఆపి వచ్చి మా చుట్టూ నిలబడ్డారు. ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదు, అందరూ తెర వైపే చూస్తున్నారు. ఐదున్నరకు ఫైలు పెట్టెలోకి వెళ్ళింది. సాధన ప్రోగ్రామును నడువు అంది.

తెర మీద ఒక్క వాక్యం వచ్చింది. సర్వర్ మొదలైంది, వినడానికి సిద్ధం అని.

నేను యెహెజ్కేలు గారి చెయ్యి పట్టుకుని గంతులేశానట. నాకు గుర్తు లేదు. సాధన భర్త ఆనంద్ కుమార్ అప్పటికే వాళ్ళ డాబా మీద నీళ్ళ ట్యాంకు పైపుకు రెండో వైఫై పెట్టె కట్టి, కిందకు దిగకుండా కాచుకుని ఉన్నాడు. సాధన చర్చి ఫోనులో "ఏమండీ, వినబడుతుందా?" అంటే, స్పీకర్‌లోంచి "పక్కనే నిలబడ్డట్టుంది, ఇంటికి రా ఇంక, టీ పెడుతా" అని ఆయన గొంతు హాలంతా మోగింది.

ఆదివారం పొద్దున నేను పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. హాలు కిక్కిరిసిపోయింది. అల్మారాలో పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోంది. ఇంట్లో లింగమ్మ పక్కన ఆనంద్ కుమార్. యెహెజ్కేలు గారు లేచి, ఈసారి రెండు నంబర్లూ చెప్పారు, పాతదీ కొత్తదీ. "లింగమ్మా, ఎత్తు" అన్నారు మైకులో.

ఏమీ లేదు.

నూట యాభై మంది స్పీకర్ వైపు చూస్తున్నారు. సాధన పచ్చ దీపం వైపు చూసింది, ఫోను వైపు చూసింది. అన్నీ నడుస్తున్నాయి. మంచం మీది మనిషి నోరే తెరవడం లేదు. సాధన నా చెయ్యి పట్టుకుంది. ఈ ఎర్రర్‌కు ఆమె పుస్తకంలో మందు లేదు.

అప్పుడు స్పీకర్‌లో చిన్న దగ్గు. తర్వాత ముప్పై ఏళ్ళుగా ఆ హాలు ఎరిగిన గొంతు.

"బ్లెస్సీ, శ్రుతి గంత మీదికి ఎందుకు పెట్టినవే? ముసలోళ్ళు పాడాల్నా వద్దా? జర దించు."

హాలంతా గొల్లున నవ్వింది. బ్లెస్సీ గబుక్కున దించింది. లింగమ్మ గాలి పీల్చడం కూడా మాకు వినపడింది. "తెల్లవారె తెల్లవారె, తలుపు తీయవయ్యా..." నాలుగు నెలలు మూసి ఉంచిన గొంతు మొదట కీచుమంది, రెండో పాదానికి కుదురుకుంది, మూడో పాదానికి రేకులు అదిరాయి. నూట యాభై మందీ అందుకున్నారు. నాకు ఆ పాట రాదు, నేనూ ఏదో పాడాను.

రెండో చరణంలో ఉరిమింది. "లెవ్వుండ్రి, లెవ్వుండ్రి! ఎందుకు ఎనకబడుతున్నరు? పండుకున్నరా?"

అందరూ నవ్వుతూ, ఏడుస్తూ వేగం పెంచారు. ముందు వరుసలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "మనల్నే, మనల్నే తిడుతుంది" అని పక్కవాడికి చెబుతున్నాడు. మూడో చరణంలో మళ్ళీ అదే తిట్టు. నాలుగో చరణంలో మళ్ళీ.

సాధన కళ్ళు తుడుచుకుంది, అంతలోనే భృకుటి ముడిచింది. పుస్తకం తీసింది. "అక్కా, వీళ్ళు ఎనకబడతలేరు. ఆమె పాట ఇక్కడికొచ్చి, మన పాట అక్కడికి పోయేసరికి సగం సెకను పడుతుంది. అందుకే ఆమెకు అందరు లేటుగ పాడుతున్నట్టు వినబడుతుంది. సెట్టింగ్‌ల తగ్గించొచ్చు, ఇప్పుడే..." అని అల్మారా వైపు లేచింది.

యెహెజ్కేలు గారు ఖాకీ అట్ట పుస్తకం అడ్డం పెట్టారు.

"వద్దు బిడ్డా, ముట్టుకోకు. తిట్టనియ్యి."

సాధన వెనక్కి తిరిగింది. తర్వాత పెన్నుకు మూత పెట్టి నా పక్కన కూర్చుని పాట అందుకుంది. ఎర్రర్ వచ్చాక పుస్తకంలో రాయకుండా వదిలేయడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.